కాజా ఏ పక్క

తాతయ్యగుంట వీధి మొగదాల నా అంగడి.
ఒక మిషను, ఒక ఇస్త్రీపెట్టె, మెడలో టేపు.
మగచొక్కాకు గుండీలు కుడిపక్క,
ఆడచొక్కాకు ఎడమపక్క.
ఎవరు పెట్టినారో ఈ లెక్క,
ఇరవై రెండేళ్ళుగా తప్పకుండా కుడతా ఉండాను.
నా చొక్కా ఒక్కటే తలమీంచి తొడుక్కునేది.
దానికి గుండీలే లేవు.

గంగమ్మ చాటింపు పడినాక నాకు నిద్ర ఉండదు.
మీసాలున్న కొలతలు వరుస కడతాయి
జాకెట్ల కోసం.
లారీ డ్రైవరు చెంగల్రాయులు చేతులు పైకెత్తి నిలబడతాడు,
"చంక కాడ బిగువు తగ్గించు ముని,
వేపమండ పట్టుకుని ఎగరాల."
వాళ్ళమ్మ కొంగు సర్దుతుంది,
పెండ్లాము కాటుక దిద్దుతుంది,
కొడుకు ఫోటో తీస్తాడు.
మాతంగి వేషం చూసి వీధి వీధంతా చేతులెత్తి మొక్కుతుంది.

జాతర మరుసటి దినం
కుళాయి కాడ మొగం కడుక్కుని
మళ్ళీ చెంగల్రాయులై వచ్చినాడు, బాకీ తీర్చేదానికి.
నా కాటుక చూసి, గడ్డం చూసి,
"జాతర అయిపాయె గదా, ఇంకా తీయలేదే వేషం?"
ఎగతాళి కాదు. నిజంగానే అడిగినాడు.

చిల్లర లెక్కపెడతా చెప్పినాను:
"వారం దినాలు వేసుకునేది నువ్వన్నా.
నేను యాభై రెండు వారాలూ వేసుకుంటిని,
మునిరాజు అనే పేరుతో, పదో తరగతి దాకా.
తీసేసింది అది.
ఇది మొగం."

ఆయనకు అర్థం కాలేదు.
కాకపోయినా రెండు టీలు చెప్పినాడు.

అర్థమైందనుకునే వాళ్ళతోనే తంటా.
"ఆపరేషను ఎప్పుడు?" అంటారు
పన్ను పీకించుకునే తేదీ అడిగినట్టు.
బస్టాండు కాడ చప్పట్లు కొట్టే అక్కల్లో నన్ను కలిపేస్తారు.
వాళ్ళు నా అక్కలే, జాకెట్లు నా చేతనే కుట్టించుకుంటారు.
కాని వాళ్ళు ఆడవాళ్ళు,
ముళ్ళదారి నడిచి తమ ఊరు చేరుకున్నవాళ్ళు.
నాది ఆ ఊరు కాదు. ఎదుటి ఊరూ కాదు.
"ఇంతకీ ఎవరి మీద మనసు?" అంటారు,
నేనెవరని అడిగితే ఎవరితోనని చెప్పాలంట.
"ఫోన్లు చూసి నేర్చిన రోగం" అంటారు,
నేను మొదటిసారి కాటుక పెట్టిననాటికి
మా వీధికంతా ఉండేది ఎస్టీడీ బూత్ ఫోను ఒకటే,
అది నాకేమీ నేర్పలా.
దామలచెరువు మండీ వీరాస్వామి
కాయను నొక్కినట్టు నా భుజం నొక్కి
"దోరగా ఉండావు, పండుతావులే" అంటాడు.
నలభై దాటింది మామా.
గడ్డిలో వేసి మాగబెట్టినా నా రంగు ఇదే.

సెల్వికి ఏడేళ్ళు. అసలు చిక్కు దానికొచ్చింది.
"అవ్వా, ముని వచ్చినాడా, వచ్చిందా?"
కుప్పమ్మవ్వ వక్క నములుతానే
"వచ్చినారు అను. నోరేం అరిగిపోదు" అనింది.
అంగడి సొంతదారు పకపకా నవ్వినాడు,
"బట్టలు కుట్టేవాళ్ళకు అంత మర్యాదా!"

అదీ సంగతి.
మాటల్లో చోటు లేక కాదు,
ఆ చోటును కుర్చీలున్న వాళ్ళకే అట్టిపెట్టినారు.

ఇంకొకటి, రాత్రిపూట మిషను తొక్కతా కనుక్కున్నాను.
నేను వచ్చినాను. నేను తిన్నాను. నేను ఏడ్చినాను.
మన 'నేను'కు మీసమూ లేదు, కొప్పూ లేదు.
నాదే కాదు,
మీది కూడా.

మొన్న చెంగల్రాయులు మళ్ళీ వచ్చినాడు,
చంకలో రెండు మీటర్ల గుడ్డ.
"నీదాని మాదిరి నాకొకటి కుట్టు ముని,
లారీలో ఎండకు గాలి ఆడతాది."
"గుండీలు ఏ పక్క పెట్టాలన్నా?"
అలవాటుగా నోరు జారింది.

వెంటనే జవాబు చెప్పలేదాయన.
గోడకున్న నా చొక్కాను
అటు తిప్పి, ఇటు తిప్పి చూస్తా
కాసేపు అట్లనే నిలబడినాడు.